ఎనిమిదిసార్లు కడిగినట్టు రాశాను

ఎనిమిదేళ్లుగా నాలో ఒక మాట ఉంది. బయటికి రాలేదు, లోపల అరగనూ లేదు. నా పెళ్లిలో ఉంది, పురుట్లో ఉంది, మా నాన్న పోయిన రోజున అందరూ గుండెలు బాదుకుంటుంటే అప్పుడూ నా పక్కనే ఉంది. దాన్ని మోసీ మోసీ అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు తప్ప మిగతాదంతా చెబుతాను. మధ్యలో ఎక్కడైనా అబద్ధం వైపు జారితే నేనే ఆగి దిద్దుకుంటాను. ఇన్నేళ్లలో నాకు నేను చెప్పుకున్న కథలు చాలా ఉన్నాయి, వాటిలో ఏది జరిగిందో ఏది నేను అల్లుకున్నానో విడదీయటానికే ఇంత కాలం పట్టింది.

మా తాత శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు నుంచి భిలాయికి కూలికి వచ్చాడు. నాన్న హథ్‌ఖోజ్‌లో ఫ్యాక్టరీల మధ్య ఒక చిన్న రోలింగ్ మిల్లులో పనిచేశాడు. నేను క్యాంప్ వన్ అనే కూలీల బస్తీలో పుట్టాను. బీఎస్సీ అయ్యాక నాకూ హథ్‌ఖోజ్‌లోనే ఉద్యోగం దొరికింది. అయితే ఇనుము పని కాదు, చేపల పని. నవ్వొచ్చే మాటే. చుట్టూ లేతు మిషన్లు, గ్రైండింగ్ చప్పుళ్లు, నడుమ రెండు ఏసీ గదుల్లో మేము ఐదుగురం చేప తోళ్లు కడుగుతూ ఉండేవాళ్లం.

కాలిన గాయాల మీద కప్పటానికి ఆ తోళ్లు. చేప తోలులోంచి చేప కణాలన్నిటినీ తీసేస్తే, తెల్లటి పలచని అల్లిక ఒకటి మిగులుతుంది. పాతవాళ్లు క్వార్టరు ఖాళీ చేసి వెళ్లాక గోడలు మిగిలినట్టు. ఆ అల్లికను గాయం మీద పరిస్తే మనిషి కణాలు మెల్లగా వచ్చి అందులో దిగుతాయి, కొత్త చర్మం కడతాయి. మా సర్ ఎక్కడో పెద్ద పరిశోధనశాలలో పనిచేసి వచ్చి, ఉన్నదంతా ఊడ్చి ఈ యూనిట్ పెట్టుకున్నారు. ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లు పక్కన పడేసి ఒక చేపను నా ముందు పెట్టారు. ఒక్క చిరుగు లేకుండా తోలు ఒలిచి ఇచ్చాను. అది మా అమ్మ నేర్పిన చెయ్యి. మా వీధిలో ఎవరింటికి పెద్ద చేప వచ్చినా అమ్మను పిలిచేవారు, ఆమె కడిగిన చేపకు నీచు వాసన ఉండదని పేరు. ఆ పేరు నాకూ వచ్చింది. ఆ పేరును నమ్మి ఒక మనిషి చెయ్యి పోగొట్టుకున్నాడు.

తోలులోంచి కణాలను లాగేది ఒక రకం సబ్బు నీళ్లు. పని అయ్యాక ఆ సబ్బు కొంచెం కూడా మిగలకూడదు. మిగిలితే చేప కణాలను చంపినట్టే మనిషి కణాలనూ చంపుతుంది. అందుకని శుద్ధమైన నీళ్లలో ఎనిమిదిసార్లు కడగాలి. రెండు గంటలకోసారి పాత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పొయ్యాలి. పోసిన ప్రతిసారీ పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాలి. చిన్నపిల్లలు కూడా చేయగలిగిన పని. చేయకుండా ఉండటమూ అంతే తేలిక.

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. చనిపోయినవాడి మీద నెట్టేయటానికి కాదు. కాదా? కొంచెం అందుకే కావచ్చు. ఆయన మిల్లులో కొలిమి మీటరు చూసి గంటగంటకీ రీడింగు రాసేవాడు. షిఫ్టు చివరి గంట రీడింగును అరగంట ముందే రాసేసి, సైరన్ మోగేసరికి సైకిలు మీద గేటు దాటి ఉండేవాడు. ఆయనొక్కడే కాదు, మా వీధిలో రీడింగులు రాసే మగవాళ్లందరిదీ అదే అలవాటు. అన్నం తింటూ గొప్పగా చెప్పుకునేవారు. "ముల్లే కదల్నప్పుడు మనవెందుకు కదలాల?" అనేవాడు నాన్న. ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. పుస్తకం నింపటం వేరు, పని వేరు అని నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు, ఆ కంచం ముందే నేర్చుకున్నాను. మీటరు ముల్లు మనం చూసినా చూడకపోయినా ఉన్నచోటే ఉంటుంది. సబ్బు అలా కాదు, కడిగితేనే పోతుంది. ఇంత చిన్న తేడా నాకు తెలియదా? తెలుసు. బీఎస్సీ చదివినదానికి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ రోజు ఆదివారం, వేసవి. సర్ ఊళ్లో లేరు, డ్యూటీలో నేనొక్కదాన్నే. పన్నెండు ముక్కలు నీళ్లలో ఉన్నాయి. శనివారం నాలుగుసార్లు కడిగాను, ఆదివారం మధ్యాహ్నం ఐదోసారి. రెండింటికి, నాలుగింటికి, ఆరింటికి ఇంకా మూడు మిగిలాయి. ఒంటిగంటన్నరకే ఆ మూడు టైములూ పుస్తకంలో వేసి, మూడు సంతకాలు పెట్టి, తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాను.

ఎందుకు వెళ్లాను? చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది: మా వీధిలో కుళాయి సాయంత్రం నాలుగున్నరకే వస్తుంది, అమ్మకు మోకాళ్ల నొప్పి, బిందెలు మొయ్యలేదు, నేను వెళ్లకపోతే ఇంట్లో నీళ్లు ఉండవు. ఎంత బాగుంది. వినేవాళ్లకు జాలి కూడా వేస్తుంది. అబద్ధం. ఆ రోజు నీళ్లు మా తమ్ముడు పట్టాడు. నేను తల స్నానం చేసి, కొత్త చుడీదార్ వేసుకుని, స్నేహితురాళ్లతో మీనా బజారుకి వెళ్లాను. పెద్ద చక్రం ఎక్కాను. పానీపూరీ తిన్నాను. రెండు డజన్ల గాజులు కొన్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాను. లేదు.

ఇదే మొదటిసారా? అదీ చెప్పేస్తాను. అంతకుముందు ఒక్కోసారి ఒక కడుగు ఎగ్గొట్టాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

సోమవారం నేను వెళ్లేసరికి నాతో పనిచేసే అమ్మాయి పదకొండు ముక్కలనూ ఆరబెట్టే మిషనులో పెట్టేసింది. పుస్తకంలో ఎనిమిది సంతకాలు చూసింది, పెట్టింది. ఆమె తప్పేమీ లేదు. పన్నెండో ముక్క పరీక్ష కోసం సీసాలో తడిగా ఉంది. దాన్ని పరీక్షిస్తే సబ్బు మిగిలి ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ సీసా తీసుకుని నేను నీళ్ల పంపు దగ్గరికి వెళ్లాను. ఆ ఒక్క ముక్కను కడిగాను. నురగ పోయేదాకా, వేళ్లు మొద్దుబారేదాకా కడిగాను. ఎనిమిది కాదు, ఇరవైసార్లు కడిగి ఉంటాను. అప్పుడు పరీక్షకు ఇచ్చాను. పాస్ అయింది.

మీరు గమనించారా? ఆదివారం చేసింది బద్ధకం. సోమవారం చేసింది మోసం. ఆ పంపు దగ్గర నిలబడిన పావుగంటలో మిషను ఆపించి, "నేను కడగలేదు, మళ్లీ మొదటి నుంచి చేద్దాం" అని ఉంటే తిట్లు పడేవి, ఒక వారం పని వృథా అయ్యేది, అంతే. నా చేతికున్న కొత్త గాజులు పంపుకి తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఎవరైనా వస్తారేమోనని వాటిని మోచేతి దాకా తోసుకున్నాను.

తర్వాత రెండు నెలలకు నాయుడు మావయ్యకు చెయ్యి కాలింది. ఆయన మాకు చుట్టం కాదు, మా వెనక వీధిలో ఉంటారు, నాన్న స్నేహితుడు. ఒక చిన్న ఫౌండ్రీలో మోల్డర్. ఇసుకను నొక్కి, వేళ్లతో నునుపు చేసి, ఇనుము పోసే అచ్చులు కట్టేవాడు. ఆయన వేళ్లు మెత్తగా ఉండేవి, ఆ పనిలో ఉన్నవాళ్లకు అలా ఉండవు. కరిగిన ఇనుము చిమ్మి కుడిచేయి మణికట్టు నుంచి వేళ్లదాకా పైభాగమంతా కాలిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు రెండు దారులు చెప్పాడు. తొడ మీది చర్మం తీసి వెయ్యటం ఒకటి, మా చేప తోలు ఒకటి. తోలు అతుక్కుంటే ఇంకోచోట కొయ్యక్కరలేదు.

మా యూనిట్ నుంచి పాకెట్ పట్టుకుని వెళ్లింది నేనే. సెలైన్‌లో నానబెట్టి డాక్టరు చేతికి అందించటం నా పని. వార్డులో నర్సు రిజిస్టరు తెరిచి, "దీదీ, జరా నంబర్ బతా దో" అంది. పాకెట్ తిప్పి చూశాను. ఆ ఆదివారం బ్యాచ్.

అప్పుడే మావయ్య నన్ను చూశాడు. నొప్పితో ముఖమంతా చెమట. అయినా నవ్వాడు.

"ఇదేనేటి పాపా, మీ కాడ తయారయ్యీది?"

"అవును మావయ్యా."

"నీ సేత్తో కడిగిందేనా?"

నర్సు పెన్ను పట్టుకుని నా వైపు చూస్తోంది. నేను పాకెట్ వైపు చూస్తున్నాను.

"నా సేత్తోనే మావయ్యా."

"అయితే బయవేటి నేదు. మీ యమ్మ కడిగితే సేప, నువ్వు కడిగితే సేప. ఎట్టీమను డాకటరు బాబుని."

నర్సుకు నంబరు చదివి చెప్పాను. ఈ పాకెట్ వద్దు, రేపు వేరేది తెస్తాను అంటే చాలు. కారణం కూడా ఎవరూ అడిగేవారు కాదు, పాకెట్‌కి చిల్లు పడిందంటే సరిపోయేది. అబద్ధాలాడటం రానిదాన్ని కాదు కదా, ఆ ఒక్క మంచి అబద్ధం నోటికి ఎందుకు రాలేదు? భయమా? భయమే. ఎక్కువగా ఇంకొకటి: ఏమీ కాదులే అన్న ధైర్యం. అది మా ఇంటి ధైర్యం.

ఐదో రోజున కట్టు విప్పారు. అల్లిక కింద కొత్త చర్మం లేదు. రసి కారుతూ, చుట్టూ బాగున్న చర్మం కూడా ఎర్రగా ఉడికిపోయి ఉంది. తీసేశారు. తర్వాత చీము పట్టింది. మావయ్య నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. చివరికి తొడ చర్మమే వేశారు గానీ అప్పటికే ఆలస్యమైంది. గాయం మానుతూ మానుతూ ముడుచుకుపోయి వేళ్లను వెనక్కి లాగేసింది. ఇప్పుడు ఆ చెయ్యి ముడుచుకోదు, చాచుకోదు. గ్లాసు పట్టుకోలేడు. మోల్డింగ్ పని పోయింది. ఒక గోడౌన్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటాడు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు మా సర్‌ని నిలదీశాడు, ఎందుకిలా జరిగిందని. సర్ ఫైలంతా తిరగేశారు. ఎనిమిది కడుగులు, ఎనిమిది సంతకాలు, పరీక్ష పాస్. ఆయన ముఖం పాలిపోయింది, నా వైపు తిరిగి నువ్వేమంటావు అన్నట్టు చూశారు. అప్పుడు నేను అన్నాను, కొందరి ఒంటికి చేప పడదు కదా సర్ అని. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుని ఊరుకుంటాడంటారు. నేను అదీ చెయ్యలేదు. నా తప్పు తీసి మావయ్య ఒంటి మీద పెట్టాను.

ఆ మాట నా కంటే ముందు మా వీధికి చేరింది. నాయుడికి చేప పడలేదట. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి, పాలు మరిచింది మొదలు చేప తిన్నవాడికి చేప పడకపోవటం ఏమిటి? అందరూ ఆశ్చర్యపోయారు, తర్వాత నమ్మారు. సూరమ్మత్త, అంటే ఆయన భార్య, గంగమ్మకు కోపం వచ్చిందని మొక్కుకుంది. నోట్లో పెట్టుకోవలసినదాన్ని ఒంటికి చుట్టుకున్నందుకు ఆ తల్లి ఇలా చేసిందట. అప్పటి నుంచి వాళ్లింట్లో చేప వండలేదు. మావయ్య పెళ్లిళ్లలో కూడా పప్పన్నం తిని లేచిపోతాడు. "నా వొంట్లోనే ఏదో దోసం ఉన్నాది" అని ఆయన నాతోనే అన్నాడు, ఎన్నోసార్లు. నేను తల ఊపాను. ఊరుకుంటే పోయేది, తల ఊపాను.

ఈలోగా నేను యూనిట్‌లో ఇన్‌చార్జి అయ్యాను. కొత్తగా వచ్చిన పిల్లలకు కడగటం నేర్పించేదాన్ని. ఒక్క నిమిషం తేడా వచ్చినా ఊరుకునేదాన్ని కాదు. నా వెనక నన్ను పానీవాలీ దీదీ, నీళ్ల అక్క అనేవారని తెలుసు. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్న సామెత మిగతా సగం మీకు తెలిసే ఉంటుంది.

ఎనిమిదేళ్లూ ఇలాగే పోయాయి. ఇంకో ఎనిమిదేళ్లూ పోయేవేమో. మొన్న మావయ్య కూతురు లక్ష్మి మా ఇంటికి వచ్చింది. ఒక పెద్ద డాక్టరు వాళ్ల నాన్న చెయ్యి చూశాడట. ముడుచుకున్న చోట కోసి వదులు చేసి, పైన ఇలాంటిదే ఒక అల్లిక వేస్తే వేళ్లు మళ్లీ వంగుతాయి, అన్నం కలుపుకోవచ్చు అన్నాడట. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడట. ఇంకా ఆలస్యం చేస్తే కీళ్లు బిగిసిపోతాయని, ఆపైన ఎవరూ ఏమీ చెయ్యలేరని చెప్పాడట. మావయ్య ఒప్పుకోవటం లేదు. నా ఒంటికి ఏదీ పట్టదు, మళ్లీ ఆ నరకం నేను పడలేనంటున్నాడట.

"దీదీ, ఆప్ సమ్‌ఝావో నా. మీరు నచ్చజెబితే నాన్న కాదనడు" అంది లక్ష్మి.

ఆ పిల్ల వెళ్లాక పొయ్యి మీద అన్నం మాడిపోయింది. అప్పటిదాకా నేను చేసిన తప్పు అయిపోయిన తప్పు అనుకున్నాను. పశ్చాత్తాపం కూడా ఒక రకంగా సుఖంగానే ఉండేది, ఎప్పుడో జరిగిపోయినదాని గురించి నేను బాధపడే మంచిదాన్ని అనుకుంటూ. అది అయిపోలేదు. నేను నోరు విప్పని ప్రతిరోజూ ఆ చేతిని మళ్లీ పాడుచేస్తూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున వెళ్లాను. మావయ్య గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. పెద్ద చక్రం దాకా చెప్పాను, పంపు దగ్గర కడిగిన ముక్క చెప్పాను, పాకెట్ నంబరు చూసీ అందించానని చెప్పాను. ఒంటికి పడలేదన్న మాట పుట్టించింది నేనేనని చెప్పాను. ఏడవకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను, ఏడిస్తే ఆయనే నన్ను ఊరుకోబెడతాడని భయం. ఏడవలేదు.

ఆయన నన్ను తిట్టలేదు. నా వైపు చూడలేదు కూడా. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత లోపలికి కేక వేశాడు.

"ఒలే సూరమ్మా, ఆ డాకటరు కాయితం ఎక్కడెట్టినావు?"

సూరమ్మత్త అంతా విన్నదని ముఖం చూడగానే తెలిసింది. కాగితం తెచ్చి ఆయన ఎడమచేతిలో పెట్టింది. ఆయన్ను రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, గుమ్మానికి ఉన్న కర్టెన్ లాగేసింది. కర్టెన్ బయట నేను కాసేపు నిలబడి ఇంటికి వచ్చాను. దారిలో ఊపిరి చివరిదాకా తీసుకోగలిగాను. సిగ్గు తగ్గలేదు. దాచటం మాత్రం పోయింది. నాకు ఉపశమనం కలిగిందని చెప్పుకోవటానికి కూడా నోరు రావటం లేదు, కానీ కలిగింది.

సోమవారం సర్‌కి చెప్పాను. ఆయన ఆ పాత పుస్తకం తెప్పించి, నా మూడు సంతకాల మీద వేలు పెట్టి, ఒకటి తర్వాత ఒకటి చూశారు. రేపటి నుంచి రావద్దన్నారు. మిగిలిన పది పాకెట్లు ఏ ఊళ్లకు వెళ్లాయో మా దగ్గర ఉంది, ఆ ఆసుపత్రులన్నిటికీ ఆయన ఉత్తరాలు రాస్తున్నారు. ఏ మనిషికి వేశారో మాత్రం మా దగ్గర లేదు. అప్పట్లో రెండుచోట్ల నుంచి అతుక్కోలేదని కబురు వచ్చింది. మిగతా ఎనిమిది సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మావయ్య గుమ్మం నాకు తెలుసు కాబట్టి వెళ్లి నిలబడ్డాను. ఆ పదిమంది గుమ్మాలు నాకు తెలియవు. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో గానీ, మీరెరిగినవాళ్లలో గానీ, ఎనిమిదేళ్ల కిందట ఎవరికైనా కాలిన గాయం మీద చేప తోలు వేసి, అది అతుక్కోక, నీ ఒంటికి పడలేదని చెప్పి పంపించి ఉంటే, వాళ్లకు ఈ మాట చేరవెయ్యండి. నన్ను క్షమించమని నా తరఫున అడగవద్దు. వాళ్ల ఒంట్లో ఏ దోషమూ లేదని చెప్పండి. కడగవలసిన మనిషి కడగలేదని చెప్పండి.